బెత్లెహేముకు ఉప్పల్ బస్సు

ఆ రోజుల్లో బడిలో డ్రాయింగు పీరియడంటే ఇంటి ముందు వసారా లాంటిది. ఎవరొచ్చినా అక్కడే కూర్చోబెట్టేవారు. సాంఘికశాస్త్రంలో మొగలుల దగ్గర ఆగిపోయిన పాఠం పూర్తి కావాలంటే డ్రాయింగు పీరియడు. టీకాలవాళ్లు వస్తే డ్రాయింగు పీరియడు. ఆటల మైదానంలో రాళ్లేరాలన్నా, బల్లలు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోయాలన్నా, పిల్లల తలల్లో పేలు చూడాలన్నా డ్రాయింగు పీరియడే. ఇన్నిటి మధ్యా ఏ ఆటంకమూ రాని రోజున, వేరే దారి లేక, పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. ఇప్పుడు మా వీధి చివర ఎవరో రంగురంగుల బోర్డు పెట్టి 'మీ పిల్లల్లోని సృజనాత్మకతను వెలికితీస్తాం' అని రాశారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కణత దగ్గర నరం ఒకటి టపటపా కొట్టుకుంటుంది. వెలికితీయడం ఎవరైనా చేస్తారు నాయనా, వెలికి వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియాలి కదా! అది తెలియక నాచారంలో ఒక క్రిస్మసు ముందర నేను పడ్డ పాట్లు చెబుతాను, వినండి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తెనాలి దగ్గర మా ఊరు. డ్రాయింగు హయ్యరు పరీక్ష పాసై, గుంటూరులో ట్రైనింగు పూర్తిచేసి, మల్కాజిగిరిలో మా అక్కావాళ్లింటికి వచ్చి పడ్డాను. మా బావ రైల్వేలో గుమాస్తా. "బొమ్మలు గీస్తే జీతమిచ్చేవాళ్లు కూడా ఉన్నారా మరదలా? ఎక్కడున్నారో చెప్పు, నేనూ వస్తాను. నాకు ఇంజను గీయడం వచ్చు" అని రోజూ భోజనాల దగ్గర వేళాకోళం చేసేవాడు. వేళాకోళం చేస్తూనే ఎవరినో పట్టుకుని, నాచారంలో ఒక మిషను బడిలో డ్రాయింగు టీచరు పని ఖాళీగా ఉందని తెలుసుకొచ్చాడు. ఉద్యోగం తాత్కాలికం. ఏడాది చివర విద్యాశాఖవారు 'ఈ పోస్టు అవసరమే' అంటే ఉంటుంది. 'అక్కర్లేదు' అంటే నేను తెనాలి రైలెక్కాలి. (తెనాలిలో మా నాన్న నా కోసం ఒక పెళ్లికొడుకును సిద్ధం చేసి పెట్టాడు. ఆయనకు ఎరువుల దుకాణం. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు గోడమీద నేను గీసిన నెమలిని చూసి 'కోడి బావుంది' అన్నాడు. కాబట్టి ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడం నాకెంత అవసరమో మీరే ఊహించుకోండి.)

మల్కాజిగిరి నుంచి ఒక బస్సు, అది దిగి ఉప్పల్ బస్సు, హబ్సిగూడలో దిగాక నడక. ఉప్పల్ బస్సుకు వేళంటూ ఉండేది కాదు. వస్తే రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి, లేకపోతే ఒక్కటీ వచ్చేది కాదు. దాని పుణ్యాన నేను బడికి ఆలస్యంగా పోని రోజు అరుదు. అప్పటి నాచారమంటే ఒక పక్క జొన్నచేలు, తాటిచెట్లు, ఏనుగులు కూర్చున్నట్టుండే రాతిగుండ్లు. మరో పక్క కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీ గోడలు, పొగగొట్టాలు. మా బడి పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు మెదకు, నల్లగొండ పల్లెల నుంచి ఆ ఫ్యాక్టరీల్లో పనికని వచ్చినవాళ్లే. ఇంట్లో ప్రార్థన, బయట సైకిలు, చేతిలో టిఫిను క్యారియరు.

మొదటి రోజు క్లాసులోకి వెళ్లి, ట్రైనింగులో మా మాస్టారు నేర్పినట్టే చేతులు చాచి, "పిల్లలూ! మీకు ఇష్టమొచ్చిన బొమ్మ గీయండి" అన్నాను. స్వేచ్ఛ ఇస్తే పిల్లలు పూలలా విచ్చుకుంటారని ఆయన చెప్పారు. వీళ్లు విచ్చుకోలేదు. నోళ్లు మాత్రం విచ్చుకుని నన్నే చూస్తున్నారు. ముందు బెంచీలోంచి రెండు జడల పిల్ల ఒకతె లేచింది.

"ఇష్టమొచ్చిన బొమ్మంటే ఏంది టీచర్?"

"నీకేది గీయాలనిపిస్తే అదమ్మా."

"నాకేం గియ్యాలనిపిస్తలేదు టీచర్. ఎందుకు గియ్యాలె?"

(ఆ పిల్లకు ఆ నిమిషంలోనే నేను మనసులో 'ఎందుకమ్మ' అని నామకరణం చేశాను. అసలు పేరు తర్వాత తెలిసింది కానీ నాకు ఉపయోగపడలేదు.)

వెనక బెంచీలోంచి ఇంకొకడు, "మాకిష్టమొచ్చింది ఏదో మీరే జెప్పున్రి టీచర్, గీస్తం" అన్నాడు సాయం చేస్తున్నట్టు. నేను చెప్పనన్నాను. కాసేపటికి తలలు వంచి గీయడం మొదలెట్టారు. పోగుచేసి చూస్తే అందరూ మామిడిపండే. అన్ని మామిడిపండ్లూ కుడివైపుకే వాలి ఉన్నాయి, అన్నిటికీ రెండే ఆకులు. కనుక్కుంటే తేలిందేమిటంటే, నేను రాకముందు డ్రిల్లు సారే డ్రాయింగు కూడా చూసేవాడట. ఆయనకు మామిడిపండు ఒక్కటే వచ్చు. ఏళ్ల తరబడి ఆ బడి పిల్లలు ఒకే మామిడిపండును గీస్తూ పై తరగతులకు వెళ్లిపోతున్నారు.

నాకు పంతం వచ్చింది. ఆ రోజు నుంచి పొద్దస్తమానం ఒకటే మాట: "చూసింది గీయండి. మీ కళ్లతో చూసింది. ఎవరో గీసింది కాదు, చూడనిది అసలే కాదు." క్లాసును బడి వెనక రాతిగుండ్ల దగ్గరికి తోలుకెళ్లేదాన్ని. సగంమంది గుండ్లెక్కేవారు, మిగతా సగం సీతాఫలాల వేటలో పడేవారు. వాళ్లను పోగుచేసుకుని వచ్చేసరికి గంట కొట్టేవారు. ఇక రంగుల సంగతి. బడిలో రంగులుండవు. ఇటుకపొడి, పసుపు, నీలిమందు, బొగ్గు, చిక్కుడాకు రసం, ఇవే మా రంగులు. 'ఇంట్లో ఏముంటే అది తెండి' అన్నాను, అక్కడ కూడా నోరుజారాను. మర్నాడు ఒకావిడ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చింది.

"టీచరమ్మా, మీ సదువేందో గని మా ఇంట్ల పసుపు లేదు, నీలిమందు లేదు. నిన్న పొయ్యిల బొగ్గు గూడ ఎత్కవోయిండు పిల్లగాడు. పసుపు లేకుంట కూర వండితే, గిది దవాఖానా కూర అని మా ఇంటాయన లొల్లి వెట్టిండు. గాయనకు మీరే జెప్పున్రి."

ఇంత చేసినా ఫలితం ఎలా ఉండేదంటే, రామచిలకను గీయమంటే ఒకడు చిలకను బాగానే గీశాడు, దాని వెనక ఒక పొగగొట్టం పెట్టాడు. వాడి తండ్రి మల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. పడవను గీయమంటే పడవ వెనక పొగగొట్టం. గులాబీని గీయమంటే గులాబీ వెనక పొగగొట్టం.

"ఇదెందుకురా ఇక్కడ?" అని నెత్తి కొట్టుకుంటే, "కనవడ్తది గద టీచర్. ఏడ నిలవడ్డా కనవడ్తది" అన్నాడు. కిటికీలోంచి చూశాను. కనబడుతూనే ఉంది. ఎందుకమ్మ సంగతి ఇంకా ఘోరం. చెట్టుకు ఎర్రరంగు వేసింది. ఆకులు పచ్చగా ఉంటాయి కదమ్మా అంటే, "ఎందుకుండాలె టీచర్? మా ఇంటి కాడ ఇటుకబట్టి ఉన్నది. చెట్టు ఎర్రగనే ఉంటది. చూసిందే గియ్యమన్నరు గద" అంది. నా మాటే నాకు అప్పజెప్పడంలో ఆ పిల్లను మించినవాళ్లను నేనింకా చూడలేదు.

ఈ బాధలకు తోడు లెక్కల సారు. మనిషి చెడ్డవాడు కాదు. పెద్ద ముక్కు, దాని చివరికంటా జారిన కళ్లద్దాలు, చంకలో పుస్తకాలు. వారానికి ఒకసారైనా మా గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, జర మీ పీరియడ్ ఇయ్యున్రి. భిన్నాలు ఎనకవడ్డయి. బొమ్మలేడికి వోతయి, రేపు గీస్కుంటరు" అనేవాడు. ఆయన బామ్మర్ది లెక్కల్లో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నాడనీ, డ్రాయింగు పోస్టు తీసేసి ఇంకో లెక్కల పోస్టు ఇమ్మని విద్యాశాఖకు అర్జీ పంపించాడనీ స్టాఫు రూములో చెప్పుకునేవారు. ఒకసారి ధైర్యం చేసి అడిగితే దాచలేదు. "ఉన్నమాటే టీచరమ్మా. టైంటేబుల్ల జాగ లేదు. ఉన్న జాగల ఏది పట్టాలె, లెక్కలా, మామిడిపండా?" అన్నాడు. నాకు ఎరువుల దుకాణం కళ్లముందు మెదిలింది.

డిసెంబరు మొదట్లో పెద్దసారు పిలిపించారు. పెద్దసారంటే మా హెడ్మాస్టరు. మెదకు వైపు మనిషి, మాట మెత్తన, ఏదైనా దిగులు కలిగితే కళ్లద్దాలు తీసి పంచె చెరగుతో తుడుస్తూ కూర్చుంటారు. ఆ రోజు నేను వెళ్లేసరికే తుడుస్తున్నారు.

"అమ్మా, క్రిస్మసు నాటకానికి పాత తెర ఎలుకలు కొరికినయి. కొత్త తెర మీరు గియ్యాలె. విద్యాశాఖ నుంచి ఆఫీసరు వస్తున్నడు. మీ పోస్టు సంగతి గూడ గప్పుడే తేలుస్తనన్నడు. గందుకే ఫికర్ వడుతున్న."

బల్లమీద బెత్లెహేము ఊరి క్యాలెండరు బొమ్మ ఒకటి పరిచారు. ఇసుక, ఖర్జూరపు చెట్లు, గుండ్రటి కప్పుల ఇళ్లు, దూరంగా ఒంటెల మీద జ్ఞానులు, పైన నక్షత్రం.

"గిదే గియ్యాలె. ఒక్క గీత ఎక్కువ గావొద్దు, తక్కువ గావొద్దు."

నేను గీసేద్దును. కానీ తెర గది నిండా ఉంది, రోజులు లేవు, పిల్లల సాయం తప్పదు. గంజి పెట్టి సున్నం పూసిన ముతకగుడ్డ హాలులో పరిచి, సుద్దముక్కతో క్యాలెండరు బొమ్మను పెద్దదిగా గీసి, "నేను గీసిన గీతల్లోనే రంగు నింపండి, అంతకు మించి ఏమీ చేయొద్దు" అన్నాను. ఎందుకమ్మ తెర చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"గిదేం జంతువు టీచర్?"

"ఒంటె."

"మీరు సూసిన్రా?"

నేనూ చూడలేదు. తెనాలిలో ఒంటెలు లేవు. "పుస్తకంలో చూశాను" అన్నాను.

"పుస్తకంల సూసింది సూసినట్టు గాదన్నరు గద టీచర్. మల్ల మేమెందుకు గియ్యాలె?"

"ఇది వేరమ్మా! ఇది దూరదేశం. అక్కడ ఇలాగే ఉంటుంది. మనం ఊహించుకోవాలి."

"ఊహించుకోవాలంటే మేమే ఊహించుకోవాల్నా, గీ క్యాలెండరాయన ఊహించిందా?"

పొగగొట్టం పిల్లవాడు నెమ్మదిగా చెయ్యెత్తాడు. వాడేం అడగబోతున్నాడో నాకు తెలుసు. "వద్దు! బెత్లెహేములో ఫ్యాక్టరీలు లేవు!" అని అరిచాను. వాడు చెయ్యి దించుకున్నాడు కానీ మొహంలో నమ్మకం కుదిరినట్టు లేదు. పైపెచ్చు నేను క్రిస్మసు కథ సరిగ్గా తెలియనిదాన్నని వాళ్లకు చాలా జాలి. ముందు కాపరులొచ్చారా, జ్ఞానులొచ్చారా అని నేను తడబడితే, "టీచర్‌కు పాపం ఏం తెల్వదు" అని ఒకళ్లకొకళ్లు చెప్పుకుని, బెంచీమీద కూర్చోబెట్టి మొత్తం కథ నాకు చెప్పారు. నిండు గర్భిణిని వెంటబెట్టుకుని ఊరంతా తిరగడం, సత్రం ఆసామి జాగ లేదనడం, పశువుల పాకలో కాన్పు, ముందు కాపరులు రావడం, అందరికంటే ఆలస్యంగా తూర్పుదేశపు జ్ఞానులు రావడం. ఎందుకమ్మ ఆ కాన్పు సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఏ ప్రశ్నా వేయకుండా గబగబా చెప్పేసింది.

సరిగ్గా అప్పుడు నాకు జ్వరం తగిలింది. చలిలో తడి సున్నంమీద కూర్చున్నందుకో, పిల్లలతో వాదించినందుకో తెలియదు. మా అక్క మంచం దిగనివ్వలేదు. "తెర, తెర" అని కలవరిస్తుంటే మా బావ, "నీ తెర ఎక్కడికీ పోదు మరదలా, ఇంజను గీసే మనిషి కావాలంటే కబురు పెట్టమన్నానులే" అన్నాడు. పిల్లలకు గీతలు గీసి ఇచ్చాను, రంగు నింపడమేగా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. నాటకం రోజు పొద్దున జ్వరం తగ్గింది. శాలువా కప్పుకుని, ఉప్పల్ బస్సు కోసం నిలబడి నిలబడి, బడికి చేరేసరికి తెర వేదిక మీద కట్టేసి ఉంది.

నేను గీసిన గీత ఒక్కటీ లేదు. మళ్లీ సున్నం పూసి చెరిపేశారు. తెరనిండా నాచారం! మా రాతిగుండ్లు, మా తాటిచెట్లు. ఇటుకబట్టి దగ్గరి ఎర్రచెట్టు. మధ్యలో రేకుల పాక, అందులో బర్రె, దూడ, గడ్డిమీద తల్లీబిడ్డా. పాక గుమ్మంలో సైకిలు పట్టుకుని నిలబడ్డ తండ్రి యోసేపు. ఎడమవైపు బస్సు ఆగి ఉంది, దాని నెత్తిమీద 'ఉప్పల్' అని రాసి ఉంది, అందులోంచి ముగ్గురు జ్ఞానులు టిఫిను క్యారియర్లతో దిగుతున్నారు. వెనకాల ఆకాశమంత ఎత్తు పొగగొట్టం; నక్షత్రం సరిగ్గా దానిమీద. కుడి చివరన మూసిన తలుపు ముందు నిలబడి, చెయ్యి అడ్డంగా ఊపుతూ జాగ లేదంటున్న సత్రం ఆసామి. పెద్ద ముక్కు. ముక్కు చివర కళ్లద్దాలు. చంకలో పుస్తకాలు.

"ఎవరు చేశారిది!" అన్నాను.

"అందరం జేసినం టీచర్. మస్తుగున్నది గద!"

"జ్ఞానులు బస్సులో రావడమేమిటర్రా?"

"గందుకే లేటుగ వచ్చిన్రు టీచర్" అన్నాడు పొగగొట్టం. "ఉప్పల్ బస్సు గద."

నేను మెట్లమీద కూలబడ్డాను. సాయంత్రానికి ఆఫీసరు. చెరపడానికి వ్యవధి లేదు, చెరిపితే వెనక ఉత్త గోడ. అంతలో పెద్దసారు వచ్చారు. తెర ముందు నిలబడ్డారు. కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"ఏందమ్మా ఇది? నేనిచ్చిన క్యాలెండరేది?"

నేను నోరు తెరిచేలోపు ఎందుకమ్మ ముందుకొచ్చింది. పెద్దసారు ఆ పిల్లను చూసి, తెర చూసి, "యోసేపు చేతిల సైకిలెందుకు బిడ్డా?" అని అడిగారు.

"మల్ల ఎట్ల తీస్కవోతడు సార్? కడుపుతోనున్న మనిషి నడుస్తదా? మా తమ్ముడు పుట్టేటప్పుడు మా నాయిన మా అమ్మను సైకిలు మీదనే దవాఖానాకు తోల్కవోయిండు. ఆడ మంచాల్లేవు, జాగ లేదు, రేపు రమ్మన్నరు. తిరిగొస్తుంటే నొప్పులెక్కువైనయి. తొవ్వల బర్లకొట్టం ఉంటే అండ్లనే పుట్టిండు. మా నాయిన సైకిలు పట్కొని బయట నిలవడ్డడు. నేను గూడ నిలవడ్డ సార్. నేను సూసిన."

ఇంతకాలం ఎందుకు, ఎందుకు అని నా ప్రాణం తీసిన పిల్ల ఆ మాటలన్నీ ఒక్క 'ఎందుకు' లేకుండా చెప్పింది. పెద్దసారు కళ్లద్దాలు చేతిలోనే ఉన్నాయి కానీ తుడవడం మరిచిపోయారు. వాటిని అలాగే పెట్టుకుని, "ఉండనియ్యున్రి" అన్నారు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, నాతో మాత్రం మెల్లగా, "కని లెక్కల సారును ముందు వరుసల కూసోవెట్టకున్రి" అన్నారు.

లెక్కల సారు ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఆఫీసరు పక్కనే. హాలు నిండిపోయింది. ఫ్యాక్టరీల నుంచి నేరుగా వచ్చిన తండ్రులు, చంటిపిల్లలతో తల్లులు. తెరమీద దీపాలు పడగానే మొదలైంది గోల. "అగో మన బస్సు!" "అగో మల్లాపూర్ పొగగొట్టం!" "అమ్మా, మన బర్రె!" "గది మన బర్రె గాదు, కొమ్ము సూడు!" వేదిక మీద గబ్రియేలు దూత దుప్పటి రెక్కలు చాచి శుభవార్త చెబుతున్నాడు, వినేవాళ్లేరీ? రెండుసార్లు చెప్పి, విసుగొచ్చి, వాడు కూడా వెనక్కి తిరిగి తెర చూడటం మొదలెట్టాడు. నేను పక్కనుంచి "ఇటు తిరుగు! ఇటు తిరుగు!" అని శాలువా ఊపుతున్నాను. అంతలో ఎవరో గట్టిగా, "అగో, జాగ లేదంటున్నది లెక్కల సారు గద!" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది, ఆ వెంటనే ఆయన ముందు వరుసలోనే ఉన్నాడని గుర్తొచ్చి నోరు మూసుకుంది. లెక్కల సారు కళ్లద్దాలు ముక్కు పైకి తోసుకుని, తెరలోని మనిషిని చాలాసేపు చూశాడు. నేను మనసులో తెనాలి రైలు టిక్కెట్టు కొనేసుకున్నాను.

నాటకం అయ్యాక ఆఫీసరుగారు వేదికెక్కారు. తెరను ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, నన్ను పిలిచి, గంభీరంగా అడిగారు:

"ఒంటెలు లేవేం?"

అంతా వదిలి ఆయనకు కనబడింది అదే. నేను ఏడుపో కోపమో తెలియని స్థితిలో, "నేను గీశానండీ, వీళ్లు చెరిపేశారు. నా మాట వింటే కదండీ!" అన్నాను. ఆయన తల పంకించి లెక్కల సారు వైపు తిరిగారు. "ఈ పోస్టు వద్దని, లెక్కల టీచరు కావాలని మీరే కదా అర్జీ పెట్టారు? ఏమంటారు?"

లెక్కల సారు లేచాడు. ఆయన వెనక నాచారం అంతా కూర్చుని ఉంది, అందరూ ఒకసారి ఆయన్నీ ఒకసారి తెరమీది సత్రం ఆసామినీ చూస్తున్నారు. ఆయన ఏదో అనబోయాడు, చెయ్యి సగం లేచింది, సరిగ్గా తెరలో లాగే. అది ఆయనకే తెలిసినట్టుంది, చప్పున దించేశాడు.

"లెక్కల టీచర్ కావాలె సార్" అన్నాడు. "కని గీమె పోస్టు దీసి గాదు. జాగ లేదనుడు ఇయ్యాల్టికి సాలు."

అలా నా ఉద్యోగం నిలబడింది. మర్నాడు లెక్కల సారు మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. అలవాటు ప్రకారం పీరియడు ఇచ్చేయబోతే వద్దని చెయ్యూపి, గొంతు తగ్గించి, "టీచరమ్మా, ఆదివారం చర్చిల గూడ గా తెర గడ్తరట. సున్నంతోని నా ముక్కు జర తగ్గియ్యమనున్రి" అన్నాడు. పిల్లల్ని అడిగాను. ఎందుకమ్మ ఆయన్ను తలుపు దగ్గర నిలబెట్టి, పక్కనుంచి, ఎదురుగా, కిందినుంచి పరిశీలించి, "ఉన్నంతనే గీసినం టీచర్" అని తీర్పు చెప్పింది. ముక్కు అలాగే ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు విద్యాశాఖ నుంచి పోస్టు ఖాయం చేస్తూ ఉత్తర్వు వచ్చింది. దాని చివర, విద్యార్థులకు ఒంటెను చూపించవలెను అని ఒక వాక్యం ఉంది. పెద్దసారు దాన్ని చాలా శ్రద్ధగా తీసుకున్నారు. అందువల్ల ఒక ఎండ మండే పగలు నేనూ లెక్కల సారూ కలిసి క్లాసు మొత్తాన్ని జూ పార్కుకు తోలుకెళ్లాం. ఒంటె మావైపు ఒక్కసారి చూసి, మమ్మల్ని లెక్కచేయకుండా నమలడం మొదలెట్టింది. పిల్లల్ని దాని ఎదురుగా వరుసగా కూర్చోబెట్టి, నేను గొడుగు కింద అటూ ఇటూ తిరుగుతూ గొంతు చించుకున్నాను. "ఒంటెను చూడండర్రా! మళ్లీ మళ్లీ తీసుకురాలేను! ఆఫీసరుగారి ఆర్డరు! నువ్వు, అటు కాదు, ఇటు! మెడ చూడు, మోకాళ్లు చూడు!"

కాగితాలు పోగుచేశాను. ఒకడు పల్లీలమ్మే ముసలాయన్ను గీశాడు. ఇంకొకడు గోడ నీడన నిద్రపోతున్న కాపలావాణ్ని గీశాడు. పొగగొట్టం పిల్లవాడు తెల్లకాగితం ఇచ్చాడు. "ఈడ పొగగొట్టం కనవడ్తలేదు టీచర్" అన్నాడు, వాడికి నిజంగానే బెంగగా ఉంది. లెక్కల సారు మాత్రం ఎవరి దగ్గరో కాగితం అడిగి తీసుకుని ఒంటెను గీశాడు. దానికి నాలుగు కాళ్లూ సమాన కొలతల్లో ఉన్నాయి. చివరికి ఎందుకమ్మ కాగితం తీసుకున్నాను.

అందులో ఒక బక్కపలచటి ఆడమనిషి. ఒక చేతిలో గొడుగు, రెండో చెయ్యి ఆకాశంలోకి, ముడి జారిపోయిన జుట్టు, తెరిచిన నోరు.

"నేను ఒంటెను గీయమన్నాను కదమ్మా!"

"గీసిన టీచర్. అగో, ఎనక."

నిజమే. ఆమె వెనక బొటనవేలంత ఒంటె ఉంది.

"నేనిలా ఉంటానా?"

"తిట్టేటప్పుడు గిట్లనే ఉంటరు."

కాగితం మళ్లీ చూశాను. "తిడుతుంటే మరి నవ్వుతున్నట్టు గీశావేం?"

ఆ పిల్ల నా వైపు, నా తెలివితక్కువతనానికి జాలిపడుతున్నట్టు చూసింది. "మీరు తిట్టుకుంటనే నవ్వుతరు టీచర్. రోజు గట్లనే. మీకు ఎర్కలేదా?"

నాకు ఎర్కలేదు. అప్పటిదాకా ఆ ఏడాదంతా కోపంతోనే గడిపానని నేను గట్టిగా నమ్ముతూ వచ్చాను.

ఇళ్లు మారడంలో ఆ కాగితం ఎక్కడో పోయింది. ఇప్పటికీ నేను ఎవరో ఒకరిని కోప్పడుతూనే ఉంటాను. కూరల బండివాణ్ని, మనవరాలిని, టీవీని. ఒక్కోసారి మధ్యలో ఆగి, ఎదురుగా అద్దం ఉంటే చూసుకుంటాను. తెల్లజుట్టు, ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు, అన్నీ ఉన్నాయి. ఆ నవ్వు ఉందో లేదో మాత్రం నాకు కనబడదు. అది చూసి చెప్పడానికి ఆ రెండు జడల పిల్ల కావాలి.